ఎవరి పాదం లేచింది

నమోదు 1

పురసభ వాళ్లు నాకు ఉద్యోగం ఇచ్చారు. ఇక నుంచి మొయిలపాడుకి నడక నేర్పేది నేనే. ఉద్యోగంతో పాటు, జరిగింది జరిగినట్టు చెప్పమని ఈ రికార్డు కూడా అంటగట్టారు. రాయడం నాకు బద్ధకం గానీ, నా గురించి నేను చెప్పుకోవడానికి ఎప్పుడూ బద్ధకించలేదు. కాబట్టి మొదలుపెడుతున్నాను. నా పేరు అలివేణి.

నడక రానివాళ్లు ఎవరుంటారని నవ్వకండి. మా ఊళ్లో అందరూ మరిచిపోయారు. కింద శుక్రగ్రహం నేల మీద సీసం కూడా కరిగిపోయే వేడి. అందుకే మేం ఇంత ఎత్తున, పసుపు మబ్బుల్లో, పెద్ద పెద్ద గాలిసంచుల కింద తొట్లు వేలాడదీసుకుని కాపురాలు చేస్తున్నాం. ఒక్కో తొట్టి ఒక్కో పేట. తొట్టికీ తొట్టికీ మధ్య వేలాడే వంతెన, దాని చుట్టూ బయటి గాలి తగలకుండా పలచని తొడుగు. ఇన్నాళ్లూ ఎవరు ఎటు పరిగెత్తినా, పెళ్లి భోజనాలకి జనమంతా ఒక మూలకే ఎగబడినా, తొట్ల అడుగున ఉన్న తూకం యంత్రం నీళ్లని అటూ ఇటూ తోసి ఊరిని సమంగా నిలబెట్టేది. జనం కళ్లద్దాల్లో సినిమాలు చూసుకుంటూ, కాళ్లని వాటి మానాన వదిలేసి తిరిగేవాళ్లు.

ఆ యంత్రం పోయిన వారం కన్నుమూసింది. కొత్తది భూమి నుంచి రావాలి, దానికి చాలాకాలం పడుతుంది. ఈలోపు ఊరు ఒరగకుండా ఉండాలంటే జనం ఒళ్లు దగ్గర పెట్టుకుని నడవాలి. నిద్రపట్టనివాళ్లకి ధ్యానం నేర్పే మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. ఆవిడ గుమ్మం ముందుకే, అంటే నా గుమ్మం ముందుకే, అందరూ వచ్చి నిలబడ్డారు. ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను.

నా పద్ధతిలో కళ్లు మూసుకుని కూర్చోవడాలు లేవు. ఏ పని చేస్తుంటే ఆ పనిలోనే ఉండాలి. గిన్నె తోముతుంటే గిన్నె దగ్గర, నడుస్తుంటే కాలి దగ్గర. అందరికీ చెవిపూసలు పంచి, అందులో నా గొంతు పెట్టాను. "ఎడమ పాదం లేచింది... కదిలింది... ఆనింది. కుడి పాదం లేచింది... కదిలింది... ఆనింది." నా గొంతు బాగుంటుందని అందరూ అంటారు. నేనూ అంటాను.

మొదటి చెవిపూస ఇంట్లోనే ఇచ్చాను, మాణిక్యం వదినకి. మేం ఉండేది ఊరి చివర చింతతొట్టిలో. ఆ పేరు వదిన వల్లే వచ్చింది. కొత్త కోడలిగా ఈ ఊరు వచ్చినప్పుడు ఆవిడ కొంగున ముడేసి తెచ్చుకున్న చింతగింజ, ఇవాళ తొట్టి పైకప్పుకి తల ఆనించే చెట్టయింది. ఊళ్లో మిగతా అందరికీ పులుపంటే భూమి నుంచి వచ్చే బిళ్లే. మా చెట్టుకి ఈ ఏడే మొదటిసారి పూత కనబడింది. వదిన పొద్దున్న లేవగానే మొగుడి మొహం కన్నా ముందు ఆ పూత మొహం చూస్తోంది.

వదిన చెవిపూస పెట్టుకుని పెరట్లో నాలుగడుగులు వేసి ఆగింది.

"లేచింది, కదిలింది అంటన్నావు. ఎవరి పాదమే అలివేణీ? నీదా, నాదా?"

"అందరిదీను" అన్నాను గొప్పగా.

"ఆయ్. ఊరందరికీ కలిపి ఒకటే పాదమైతే మంచిదేలే. చెప్పుల ఖర్చు తగ్గుద్ది" అని చెట్టుకి నీళ్లు పొయ్యడానికి వెళ్లిపోయింది.

నమోదు 6

తరగతులు జోరుగా సాగుతున్నాయి. పొద్దున్న వంటశాలలో దోసె ధ్యానం. గరిటె తిరిగింది, పిండి పరుచుకుంది, అంచు లేచింది. మొదటి రోజు అందరూ పిండి చూస్తూ కూర్చుని దోసెలు మాడ్చారు. రెండో రోజు మాడిన వాసన కూడా గమనించమన్నాను. మూడో రోజు నుంచి దోసెలు బాగా వస్తున్నాయి. మధ్యాహ్నం బట్టలు మడతపెట్టే ధ్యానం. సాయంత్రం అందరూ వరసగా వీధుల్లో నడిచి, చివరికి మా వంతెన దాటి చింతచెట్టు చుట్టూ తిరిగి వెళతారు. చెట్టు దగ్గర ముగించాలన్నది నా ఆలోచనే. పూతని చూసి అందరూ మురిసిపోతుంటే వదిన మొహం చూడాలి.

నాకు తలనొప్పి ఒక్కటే. శరభయ్యగారు. భూమ్మీద పెద్ద కోర్టులో జడ్జిగా చేసి రిటైరై వచ్చారు. చెవిపూస దురద పెడుతోందని జేబులో వేసుకుంటారు. అందరి పాదాలూ ఆనినప్పుడు ఆయన పాదం గాల్లో ఉంటుంది. అందరి పాదాలూ లేచినప్పుడు ఆయన తాపీగా ఆనిస్తారు. వరస మొత్తం చెడుతుంది.

"జడ్జిగారూ, మీ అడుగు అందరితో పడటం లేదండి" అన్నాను.

"పడాలని ఎవరు తీర్పిచ్చారమ్మాయ్?"

"ధ్యానం కదండీ."

"ఎడమ అన్నప్పుడల్లా ఎడమ వెయ్యడానికి నేనేవన్నా బంట్రోతునా? నా కాళ్లు నా ఇష్టం."

ఒళ్లు మండింది. అందరూ మధ్యాహ్నం కునుకు తీసే వేళ ఒంటరిగా నడుచుకోమని, సాయంత్రం వరసలోకి రావద్దని చెప్పాను. ఆయన సంతోషంగా ఒప్పుకున్నారు. అది ఇంకా మండింది.

నమోదు 14

యంత్రం లేకపోయినా ఊరు పీటేసినట్టు నిలబడింది. భోజనశాలలో గ్లాసులు జారడం లేదు. మొగుడూ పెళ్లాలు పోట్లాడుకోవడం తగ్గిందని పురసభలో చెప్పుకుంటున్నారు. కోపంగా బయటికి వెళ్లిపోదామని లేచినవాళ్లు, గుమ్మం దాకా అంత నెమ్మదిగా నడిచేసరికి కోపం చల్లారిపోతోందట. పిల్లలు నన్ను చూడగానే "ఎడమ పాదం అత్తొచ్చింది" అని అరుస్తున్నారు. ఇప్పుడు ఊరంతా, మేలుకున్నంతసేపూ, నా గొంతుతోనే నడుస్తోంది. ఒక్కోసారి వీధి మలుపులో నిలబడి చూస్తాను. అన్ని పాదాలూ ఒక్కసారే లేస్తాయి, ఒక్కసారే ఆనుతాయి. చప్పుడే ఉండదు. గర్వంతో నాకు ఆకలి కూడా వెయ్యడం లేదు.

ఇంట్లో మాత్రం చిన్న చికాకు. నిన్న సాయంత్రం జనం వంతెన మీద ఉండగా, పొయ్యి మీద వదిన పెట్టిన పులుసు తొణికి నేలపాలైంది. చెట్టు కూడా కాస్త ఊగినట్టు కనబడింది.

మా అన్నయ్య భానోజీ ఊరి తాళ్లూ కొక్కేలూ చూసే ఇంజనీరు. పైకెక్కి చూసి వచ్చాడు. "తొట్టి ఊగుతోందే. గాలి మారిందేమో" అన్నాడు.

"గాలి కాదు. జనం ఇంకా సరిగ్గా ధ్యానం చెయ్యడం లేదు. చెబుతాను వాళ్లకి" అన్నాను నేను.

నమోదు 19

ఊపు ఎక్కువైంది. పొద్దున్న కూడా ఒక నడక పెట్టాను. దానితో ఇంకా ఎక్కువైంది. గొంతులో వేగం తగ్గించి, ఇంకా నెమ్మదిగా, ఇంకా మెత్తగా నడిపించాను. అయినా చెట్టు నుంచి పూత రాలుతూనే ఉంది. వదిన ఆ రాలిన పూతని ఏరి పళ్లెంలో పోస్తోంది. పచ్చడి చేద్దామని పైకి అంటోంది గానీ, పళ్లెం తీసి ఎక్కడో దాస్తోంది.

మొయిలపాడులో ఏ వంతెనకైనా నడుమ ఒక బిందె వేలాడుతూ ఉంటుంది, అంచుల దాకా నీళ్లు పోసి. దాన్ని నిండుబిందె అంటాం. తాడుకి వేలాడుతుంది కాబట్టి ఊరు ఒరిగినా ఒలకదు. వంతెన ఊగితేనే ఒలుకుతుంది. ఒలికిందంటే ఆ వంతెన నమ్మకానికి పనికిరాదు. మా వంతెన బిందెకి పొద్దున్నా సాయంత్రం నీళ్లు పోసి నింపాల్సి వస్తోంది. నింపేది నేనే. ఎవరూ చూడకుండా.

నమోదు 22

ఇవాళ అన్నయ్య అన్నం కలుపుకోకుండా కూర్చున్నాడు.

"తొట్టి వేలాడే పెద్ద కొక్కెం అరిగిపోయింది. పైగా తుఫానులాంటి గాలిపట్టె ఒకటి వస్తోంది, ఇంకో వారంలో మన ఊరు అందులో పడుద్ది. ఇలా ఊగే తొట్టి ఆ గాలిలో ఊగిందంటే, తెగిపోతూ పక్కనున్న బడి తొట్టిని కూడా లాక్కుపోద్ది."

"అయితే?" అంది వదిన.

అన్నయ్య పళ్లెం వైపే చూస్తూ చెప్పాడు. "గాలి రాకముందే చింతతొట్టిని కోసేసి వదిలెయ్యాలి. మనుషుల్ని బడిలో సర్దుతాం."

"చెట్టో?"

"చెట్టుని ఎలా తెస్తామే? దాని వేళ్లు తొట్టంతా అల్లుకుపోయి ఉన్నాయి."

నేను ఎగిరిపడ్డాను. అన్నయ్యకి మనసు లేదన్నాను, ఇంజనీరు చదువుకి బదులు కసాయి పని చేసుకోవాల్సిందన్నాను. గాలి వచ్చినప్పుడు వంతెన మూసేస్తే సరిపోతుంది కదా అన్నాను. కుదరదట. యంత్రం లేదు కాబట్టి, గాలి ఊరిని ఒక పక్కకి వంచితే జనమే లేచి రెండో పక్కకి నడవాలి. గాలి దాటేంతసేపూ ఊరంతా అటూ ఇటూ నడుస్తూనే ఉండాలి. చింతతొట్టి ఉన్నన్నాళ్లూ అదే ఊరికి ఒక చివర. ఆ చివరకి నడవక తప్పదు.

మామూలుగా నేను అన్నయ్య మీద ఎగిరితే వదిన మధ్యలో దూరి ఇద్దరినీ ఏడిపిస్తుంది. ఇవాళ లేచి వెళ్లి చెట్టు మొదట్లో కూర్చుంది. చెయ్యి బెరడు మీద పెట్టుకుని అలాగే ఉండిపోయింది. నాకు చాలా భయం వేసింది.

నమోదు 23

తప్పు జనానిదే అయితే, జనాన్ని సరిచేస్తే చెట్టు దక్కుతుంది. ఊరంతటికీ కబురు పెట్టాను. "రేపు పొద్దున్న అందరూ రండి. ఒకే మనసుతో, ఒకే శ్వాసతో, ఒకే అడుగుతో చెట్టు దాకా నడుద్దాం. ఊపు ఆగకపోతే నన్ను అడగండి."

నమోదు 24

అందరూ వచ్చారు. వదిన మీద ప్రేమ ఉన్నవాళ్లూ, చింతకాయ పచ్చడి మీద ఆశ ఉన్నవాళ్లూ, అందరూ. మునుపెన్నడూ అంత బాగా నడవలేదు. నేను ముందు నడుస్తున్నాను, వెనక నుంచి ఒక్క చప్పుడు కూడా లేదు. ఇన్ని పాదాలు ఒకే పాదంలా ఆనుతున్నాయి.

నడుమకి వచ్చేసరికి వంతెన మా కింద లేవడం మొదలైంది. లేచింది, జరిగింది, పడింది. నేను గొంతు పెంచి ఇంకా శ్రద్ధగా అన్నాను. జనం ఇంకా శ్రద్ధగా నడిచారు. ఆ తర్వాత నిండుబిందె నీళ్లన్నీ నా నెత్తి మీద పోసి, తాడు తెంపుకుని దొర్లుకుంటూ పోయింది. పైన కొక్కెం దగ్గర టప్పుమని చప్పుడు వినబడింది. అన్నయ్య అరిచిన అరుపుకి అందరం చేతులూ కాళ్లూ ఆనించి పాకుతూ వెనక్కి వచ్చాం. మోకాళ్లు దోక్కుపోవడం తప్ప ఎవరికీ ఏమీ కాలేదు, అదే పదివేలు.

కొక్కెం బీటవారింది. అన్నయ్య పైకెక్కి దాన్ని చూసి వచ్చాడు. "రేపటికల్లా తొట్టి ఖాళీ చెయ్యండి. కొద్దిమంది చొప్పున, జాగ్రత్తగా దాటండి" అని మాత్రం అన్నాడు.

తడి జుట్టుతో వదిన ముందు నిలబడ్డాను. ఆవిడ తువ్వాలు తెచ్చి నా తల తుడిచింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

నమోదు 25

ఇవాళ సామాన్లు తరలించాం. ఇరుగుపొరుగు వాళ్లు నెత్తి మీద మూటలతో వంతెన మీద వెళుతున్నారు. జాగ్రత్తగా నడవాలి కాబట్టి అందరి చెవుల్లోనూ నా గొంతే. నేను వదిన వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. ఖాళీ చేసే ఇంట్లో గిన్నెలు ఎందుకు తోమాలని ఎవరూ అడగలేదు. చెయ్యడానికి ఇంకేమీ లేక తోముతున్నాను.

నా చెవిలో కూడా నా గొంతే వాగుతోంది. ఎడమ పాదం లేచింది అంటోంది. నేను పీట మీద కూర్చుని ఉన్నాను, నా ఏ పాదమూ లేవలేదు. ఈ సంగతి తట్టగానే నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ అందరినీ గిన్నె దగ్గర ఉండమని చెప్పి, నేను ఒక్క గిన్నె దగ్గరైనా ఉన్నానా? నా గొంతు ఎంత బాగుందో వింటూ గడిపాను. ఇదే ఈ ఇంట్లో ఆఖరి గిన్నె అయితే, దాన్నైనా సరిగ్గా తోముదాం అనిపించింది. చెవిపూస తీసి పక్కన పెట్టాను.

కుండీలో నీళ్లు కనబడ్డాయి. అంటే, ఇంతకు ముందూ ఉన్నాయి, ఇప్పుడు చూశాను. నీళ్లు మెల్లగా ఒక అంచుకి ఎక్కుతున్నాయి, మళ్లీ రెండో అంచుకి ఎక్కుతున్నాయి. ఆ లయ నాకు ఎక్కడో తెలుసు. పెదాలతో చప్పుడు లేకుండా అనుకున్నాను. లేచింది, కదిలింది, ఆనింది. ఆనింది అన్నప్పుడల్లా నీళ్లు అంచు ఎక్కుతున్నాయి.

ఊరందరి చెవుల్లోనూ నా గొంతు ఆపే మీట నా మణికట్టుకే ఉంది. నొక్కాను. వంతెన మీద జనం తికమకపడి, తలో రకంగా అడుగులు వేశారు. నీళ్లు కాసేపు అటూ ఇటూ తొణికి నిలిచిపోయాయి. మళ్లీ నొక్కాను. జనం వరసలోకి వచ్చారు. నీళ్లు మళ్లీ అంచు ఎక్కాయి.

"వదినా! నేనే! ఇదంతా నేనే!" అని సబ్బు చేతులతో బయటికి పరిగెత్తాను.

అన్నయ్య మీట తన చేతిలోకి తీసుకుని, నొక్కి చూశాడు, ఆపి చూశాడు. తర్వాత నుదురు కొట్టుకున్నాడు. "వేలాడే తొట్టికి దాని ఊపు దానికుంటుంది. ఉయ్యాల వెనక్కొచ్చిన ప్రతిసారీ సరిగ్గా అప్పుడే చిన్నగా తోస్తే ఎంత ఎత్తుకి పోద్ది? మనమంతా కలిసి అదే చేత్తన్నాం. సైన్యం వంతెన ఎక్కేముందు కవాతు మానేసేదని మొదటి ఏడే చదువుకున్నానే. ఇంత మెత్తటి అడుగులు ఏం చేత్తాయిలే అనుకున్నాను. నా చెవిలో కూడా నువ్వే ఉన్నావు మరి."

"అయితే కొయ్యక్కర్లేదుగా?"

"కొక్కేన్ని కొత్త తాళ్లతో కట్టి ఆపుతాను, నిండుబిందెని కూడా మళ్లీ కడతాను. కానీ గాలిలో ఊరంతా నడవాలి. అప్పుడు నిండుబిందె ఒలికిందంటే గంట కొట్టి అందరినీ ఇవతలికి రప్పించి కోసేత్తాను. నీ మొహం చూడను, మీ వదిన మొహం కూడా చూడను."

నమోదు 26

ఊరందరి చెవుల్లోంచీ నా గొంతు తీసేశాను. ఉద్యోగంలో నాకు ఇదే అన్నింటికన్నా కష్టమైన పని, ఒప్పుకుంటున్నాను.

కష్టం అక్కడితో ఆగలేదు. జనానికి అడుగు పడటం లేదు. "నువ్వు ఎడమ అనకపోతే ఏ కాలు వెయ్యాలో తెలీటం లేదమ్మా" అని ఒకావిడ ఏడ్చినంత పని చేసింది. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు నడవండి అంటే, ముందున్నవాళ్ల పాదం చూసి వెనకవాళ్లు వేస్తున్నారు. చూస్తూ ఉండగానే మళ్లీ అందరి అడుగూ ఒకటవుతోంది. ఇంత చక్కగా నేర్పినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఊళ్లో నా గొంతు ఎక్కనిది ఒక్క మనిషికే. సిగ్గు చంపుకుని శరభయ్యగారి గుమ్మం ఎక్కాను. ఆయన కాళ్ల మీద వేడి గుడ్డ వేసుకుని కూర్చున్నారు.

"జడ్జిగారూ, మీరు నడిచేటప్పుడు ఏం ధ్యానం చేస్తారండీ?"

"ధ్యానమా పాడా? నాకు మోకాళ్ల నొప్పులమ్మాయ్. ఏ కాలు వేస్తే ఎక్కడ పోటు పెడుతుందో చూసుకుంటూ వేస్తాను. కుడి మోకాలు పొద్దున్న ఒకలా ఉంటుంది, తిన్నాక ఇంకోలా ఉంటుంది. ఒక అడుగు వేసినట్టు ఇంకో అడుగు వెయ్యడం నావల్ల కాదు. పరాకుగా వేశానా, అమ్మా అని అరుపే."

ఆ మాట విని ఆయన కాళ్లకి దణ్ణం పెట్టాను. ఆయన కంగారుపడి కాళ్లు వెనక్కి లాక్కుని, మళ్లీ అమ్మా అని అరిచారు.

నమోదు 28

తరగతిలో ఇప్పుడు నేను మాట్లాడను. ఒక్కొక్కరి పక్కన నడుస్తూ అడుగుతాను, అంతే. మీ మడమ నేలకి తగిలిందా? ఏ పక్క ముందు తగిలింది? ఎత్తుకున్న బిడ్డ బరువు ఏ తుంటి మీద ఉంది? నీకు చెప్పు ఎక్కడ కరుస్తోంది? జవాబు చెప్పాలంటే పక్కవాళ్ల కాలు చూస్తే కుదరదు, తన కాలి దగ్గరికే రావాలి. వచ్చినవాళ్ల నడక తక్షణం మారిపోతోంది. లావుగా ఉన్న వంటశాల పెద్దమ్మ పక్కకి ఊగుతూ నడుస్తుంది. బిడ్డ తల్లి రెండడుగులకోసారి ఆగి కొంగు సర్దుకుంటుంది. పొడుగు కాళ్లతను పడవలా సాగిపోతాడు. అందరి అడుగులూ తలో దారి పట్టాయి. వీధుల్లో చప్పుడు మొదలైంది. గుసగుసలు, ఈడ్పులు, టపటపలు. నాకు మొదట వినసొంపుగా లేదు. ఇవాళ్టికి అలవాటైంది.

వదిన మాత్రం తరగతికి రాలేదు. బిందె చంకన పెట్టుకుని చెట్టుకి నీళ్లు పోస్తూనే ఉంది. కోసేస్తే పోయే చెట్టుకి నీళ్లెందుకని ఎవరో అన్నారట. "ఇవాళ దాహం ఇవాళ్టిది" అందట. నాతో మాత్రం ఇంకా వేళాకోళం ఆడలేదు.

నమోదు 30

పొద్దున్నే గాలిపట్టె వచ్చింది. ఇప్పుడు అంతా అయిపోయింది గానీ, వరసగా చెబుతాను.

మబ్బులు తొడుగుకి రాసుకుంటూ పరిగెత్తాయి. ఊరు ఒక పక్కకి వాలింది. "చింతతొట్టి వైపు!" అని పురసభ మైకులో వినబడింది. జనం లేచి నడిచారు. అన్నయ్య వంతెన మొదట్లో కోత యంత్రం పట్టుకుని నిలబడ్డాడు. అతని కళ్లు నిండుబిందె మీదే ఉన్నాయి. అవతల చెట్టు మొదట్లో వదిన.

మొదటి విడత సగం దాటేసరికి బిందెలో నీళ్లు వణికాయి. భయం వేస్తే జనం ఏం చేస్తారు? పక్కవాడి కాలు చూస్తారు. మధ్యలో నలుగురైదుగురి అడుగులు కలిసిపోవడం నాకు కనబడింది. నోరు తెరిచాను. ఒక్కసారి నా గొంతు వినబడితే అందరూ నెమ్మదిస్తారు, నాకు తెలుసు. ఎడమ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగించి మింగేశాను. అంత చేదు మాత్ర ఎప్పుడూ మింగలేదు.

సరిగ్గా అప్పుడే ఆ నలుగురి మధ్య నుంచి "అమ్మా!" అని కేక వినబడింది. శరభయ్యగారు. "జరగండయ్యా, నా మోకాలికి తోవివ్వండి!" అని అందరినీ చెదరగొట్టుకుంటూ, కుంటుకుంటూ వెళ్లారు. వాళ్లంతా ఉలిక్కిపడి, ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. బిందెలో నీళ్లు అంచు దాకా వచ్చి, కాసేపు ఆలోచించి, వెనక్కి తగ్గాయి.

ఆ తర్వాత రోజంతా అటూ ఇటూ నడిచాం. అలిసిపోయినవాళ్లు వీధిలోనే కూర్చుని, మజ్జిగ తాగి మళ్లీ లేచారు. ఒకరు పాడుకుంటూ, ఒకరు తిట్టుకుంటూ, ఒకరు బిడ్డకి పాలిస్తూ నడిచారు. అంత చిందరవందర నడక నా జన్మలో చూడలేదు. బిందె నుంచి ఒక్క చుక్క కిందపడలేదు. మబ్బులు విడిచి ఎండ వచ్చాక, అన్నయ్య కోత యంత్రం నేల మీద పెట్టి, దాని పక్కనే చతికిలబడి, పెద్దగా ఏడ్చేశాడు. గంట కొట్టాల్సిన అవసరం రాలేదు.

జనమంతా వెళ్లాక నేనొక్కదాన్నే వంతెన ఎక్కాను. చెవిలో ఏమీ లేదు. మడమ ఆనడం తెలిసింది. చెక్క కొంచెం వెచ్చగా ఉంది. నా ఎడమ కాలు కొద్దిగా బయటికి తిరిగి పడుతుంది. ఊరికి నడక నేర్పిన మనిషిని, ఇన్నేళ్లకి ఇవాళే చూశాను ఆ సంగతి. నవ్వుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ వెళ్లాను.

చెట్టు కింద నేలంతా పూతే. పైన కొమ్మల్లో మాత్రం ఇంకా మిగిలి ఉంది, ఒకచోట పుల్ల అంత సన్నని పిందె కూడా. వదిన దాన్ని నాకు వేలితో చూపించింది. తర్వాత నడుము మీద చేతులు పెట్టుకుని, నన్ను పై నుంచి కింద దాకా చూసింది.

"ఇప్పుడు చెప్పవే. ఎవరి పాదం లేచింది?"

ఇన్ని రోజుల తర్వాత ఆ గొంతులో వేళాకోళం విన్నాను.

"నాదే వదినా" అన్నాను, ఆవిడని వాటేసుకుని.

"అమ్మయ్య. అయితే ఆ రెండోది కూడా ఎత్తి లోపలికి రా. గాలికి కొమ్మ విరిగింది. చిగురంతా దూసిపెట్టు, పప్పులో వేత్తాను. జడ్జిగారిని కూడా భోజనానికి పిలిచాను."

దూశాను. ఒక్కో రెమ్మా పట్టుకుని, వేళ్ల మధ్య నుంచి ఆకు రాలడం చూస్తూ, ఒక్క మాట కూడా మాట్లాడకుండా. ఇవాళ్టి రికార్డు ఆలస్యం కావడానికి కారణం అదే.